రైస్ కుక్కర్‌లో అన్నం ఒక్కటేనా?

ప్రశ్న: మద్దిలపాలెంలో గది అద్దెకు తీసుకుని చదువుకుంటున్నాను. గ్యాస్ లేదు, 700 వాట్ల రైస్ కుక్కర్ ఒక్కటే ఉంది. అన్నం కాకుండా ఇంకేం వండుకోవచ్చు? పోపు పెట్టబోతే మీట మధ్యలోనే పైకి లేచిపోతోంది. పాడైందా? ఫోన్‌తో ఆన్ చేసే స్మార్ట్ ప్లగ్ తగిలిస్తే కాలేజీ నుంచి వచ్చేసరికి అన్నం సిద్ధంగా ఉంటుందా?

జవాబు: పాడవలేదు, బుద్ధిగా పనిచేస్తోంది. ప్లగ్ తీసేసి, చల్లారాక లోపలి గిన్నె ఎత్తి చూడండి. వేడి పలక నడుమ, నొక్కితే కిందికి దిగే గుండ్రటి బిళ్ల ఉంటుంది. అందులో అయస్కాంతం, దాన్ని అంటుకుని వేడి మీరితే ఆకర్షణ కోల్పోయే పదార్థం ఉంటాయి. గిన్నెలో నీరున్నంతసేపు అడుగు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. బియ్యం నీటినంతా పీల్చుకోగానే వేడి పెరిగి, దాదాపు 103 డిగ్రీల దగ్గర అయస్కాంతం పట్టు వదులుతుంది. స్ప్రింగు మీటను టక్కున పైకి తన్నేస్తుంది. 1955లో జపాన్‌లో తోషిబా అమ్మిన తొలి ఆటోమేటిక్ కుక్కర్‌దీ నీటి లెక్కే: బయటి గిన్నెలో పోసిన నీరు ఆవిరైపోతే స్విచ్ ఆగేది.

కాబట్టి నీళ్లతో ఉడికేదేదైనా దానికి సమ్మతమే. పెసరపప్పు పొంగలి అన్నంకన్నా బాగా కుదురుతుంది. రైతుబజారులో పచ్చి వేరుశనగ కాయలు దొరికినప్పుడు ఉప్పు వేసి ఉడకబెట్టుకోండి. నీరు మిగిలే ఉంటుంది కనుక మీట దానంతట అది లేవదు, మీరే ఆపాలి. అన్నం ఉడుకుతుండగా పైన చిల్లుల పళ్లెంలో గుడ్లు పెట్టేయవచ్చు. కందిపప్పుకు ప్రెషర్ ఉండదు, గంట నానబెట్టి ఓపిక పట్టాలి. పాలు పొంగిపోతాయి, వద్దు. తోడు వేసిన పాలను 'వార్మ్'లో (వండినదాన్ని వేడిగా ఉంచే స్థితిలో) ఉంచకండి, ఆ వేడికి తోడు చచ్చిపోతుంది. అయినా విశాఖ ఉక్కలో పెరుగుకు కుక్కర్ ఎందుకు!

పోపులో నీరుండదు, నూనె క్షణాల్లో 103 దాటేస్తుంది. కొందరు మీట కింద చెంచా ఇరికిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. చాలా కుక్కర్లలో ఉండే థర్మల్ ఫ్యూజ్ (వేడి మితిమీరితే కరెంటు తెంచేసే భాగం) కాలిపోతుంది, ఆ తర్వాత అన్నం కూడా ఉండదు. పోపు మీద అంత మోజుంటే చిన్న ఇండక్షన్ పొయ్యి కొనుక్కోండి.

స్మార్ట్ ప్లగ్ మీట ఉన్న కుక్కర్‌కు పనికొస్తుంది. నొక్కిన మీటను అయస్కాంతమే పట్టి ఉంచుతుంది కనుక కరెంటు రాగానే వంట మొదలవుతుంది. డిజిటల్ బటన్లున్నవాటితో సాధారణంగా కుదరదు. 700 వాట్లంటే మూడు ఆంపియర్లే, 10 ఆంపియర్ల ప్లగ్ చాలు. అయితే పొద్దున నీళ్లు పోసిన బియ్యం మన ఊరి వేడికి సాయంత్రానికి పులిసిపోతుంది. అందుకని కాలేజీ రోజుకు ఈ ఏర్పాటు పనికిరాదు. బీచ్ రోడ్డులో గంటసేపు తిరిగి వచ్చేలోపు కావాలంటే సరే.