‘హై నూన్’ అంత గొప్ప సినిమానా? మా నాన్నగారితో కలిసి చూశాక నా జవాబు

‘హై నూన్’ నిజంగా అంత గొప్ప సినిమానా అని ఒకరు నన్ను అడిగారు. 1952లో వచ్చిన ఈ అమెరికన్ కౌబాయ్ సినిమాలో ఒక మనిషి గంటసేపు వీధుల వెంట తిరగడం తప్ప ఏముందని, దాన్ని ఇంతమంది ఎందుకు మెచ్చుకుంటారని విసుక్కున్నారు. నా దృష్టిలో ఆ తిరగడమే సినిమా. చివరి కాల్పులు టికెట్టు కొన్నవారిని నిరాశపరచకూడదని పెట్టినవి.

హాడ్లీవిల్ అనే చిన్న ఊరి మార్షల్, అంటే పోలీసు అధికారి, విల్ కేన్ (గ్యారీ కూపర్) ఆ ఉదయమే పెళ్ళి చేసుకుని, ఉద్యోగం వదిలి వెళ్ళబోతుండగా, ఒకప్పుడు తాను పట్టుకున్న ఫ్రాంక్ మిల్లర్ జైలు నుండి విడుదలై, పగ తీర్చుకోవడానికి మధ్యాహ్నం పన్నెండు గంటల రైలులో వస్తున్నాడని కబురు వస్తుంది. మిల్లర్ మనుషులు ముగ్గురు అప్పటికే స్టేషనులో కాచుకుని ఉంటారు. కేన్ సాయం కోసం ఇల్లిల్లూ తిరుగుతాడు.

మా నాన్నగారు కృష్ణా జిల్లాలో హెడ్ కానిస్టేబులుగా పనిచేసి రిటైరయ్యారు. కౌబాయ్ సినిమా అంటే ఆయనకు 1971లో కృష్ణ గారు నటించిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ ఒక్కటే లెక్క. మోకాలి ఆపరేషను తరువాత ఆయన మంచం మీద ఉన్న రోజుల్లో, పక్కన కూర్చుని మాటలన్నీ తెలుగులో చెబుతూ ఈ సినిమా చూపించాను. (ఇలాంటి పాత సినిమాలకు తెలుగు సబ్‌టైటిళ్ళు పెట్టాలన్న ఆలోచన ఎవరికీ ఎందుకు రాదో నాకు అర్థం కాదు.)

మొదటి పావుగంట ఆయన ముభావంగానే చూశారు. న్యాయమూర్తి గోడ మీది జెండాను మడిచి, త్రాసును సంచీలో పెట్టుకుని ఊరు విడిచి వెళ్ళే దృశ్యంలో మాత్రం, ‘బదిలీ కూడా అక్కర్లేకుండా పోతున్నాడే’ అన్నారు. ఆ తరువాత కేన్ తన స్నేహితుడు శామ్ ఫుల్లర్ ఇంటి తలుపు తడతాడు. శామ్ లోపలే దాక్కుని, తాను ఇంట్లో లేనని చెప్పమని భార్యను తలుపు దగ్గరకు పంపుతాడు. ఆవిడ ఆ మాట చెప్పలేక చెబుతుంది. నాన్నగారు పెద్దగా నవ్వి, సినిమా ఆపమని, తన సంగతి ఒకటి చెప్పారు.

1980లలో ఒక దొంగతనం కేసులో దొరికిన సొత్తుకు పంచనామా రాయాలట. సోదాకు ఆ చుట్టుపక్కల ఉండే ఇద్దరు పెద్దమనుషులు సాక్షులుగా ఉండాలని అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షనే చెప్పేది. మా వైపు స్టేషన్లలో వారిని మధ్యవర్తులు అంటారు. నాన్నగారు రోజూ కలిసి టీ తాగే ఒక దుకాణదారుడి ఇంటికి వెళితే, ఆయన భార్య తలుపు ఓరగా తీసి, ‘ఆయన పొద్దున్నే ఊరెళ్ళారండీ’ అన్నదట. స్కూటరు వాకిట్లోనే ఉంది. నాన్నగారు వంగి సైలెన్సరుకు వేలు ఆనిస్తే చురుక్కుమంది. ‘సరేనమ్మా, వచ్చాక నేను వచ్చి వెళ్ళానని చెప్పండి’ అని పక్కింటికి వెళ్ళారట. చివరకు సంతకం పెట్టినవాడు తలారి, వేలిముద్ర వేసినవాడు ఒక రిక్షా కార్మికుడు. మర్నాడు దుకాణదారుడు టీ డబ్బులు తానే ఇచ్చాడని చెప్పేటప్పుడు మాత్రం నాన్నగారి గొంతులో కొంచెం కోపం వినిపించింది.

ఇక కేన్ సాయం అడగడానికి చర్చికి వెళ్ళే దృశ్యం. వెస్టర్న్ (కౌబాయ్) సినిమాలన్నిటిలోకీ గొప్ప సన్నివేశం అదేనని, దీని మీద ఎవరితోనైనా వాదించగలనని చెబుతాను. మొదట కొందరు ఉత్సాహంగా లేస్తారు, తరువాత ఒక్కొక్కరే కారణాలు చెబుతారు. ఏ కారణమూ పూర్తిగా తప్పు కాదు. చివరకు మేయరు లేచి కేన్ ఎంత మంచివాడో చెప్పడం మొదలుపెట్టగానే నాన్నగారు, ‘పొగుడుతున్నాడంటే ఇక ఎవరూ రారమ్మా’ అన్నారు. వీధిలో రక్తం పారితే పెట్టుబడి పెట్టేవాళ్ళు వెనక్కి పోతారు కనుక నువ్వే వెళ్ళిపో అని మేయరు ముగించాడు. చివరివరకూ తోడు వస్తానన్నది ఒంటికన్ను తాగుబోతు, పద్నాలుగేళ్ళ కుర్రవాడు.

హోవార్డ్ హాక్స్ వంటి దర్శకుడికి ఇదే నచ్చలేదు. మంచి పోలీసు అధికారి ఊరివాళ్ళ సాయం అడుగుతూ తిరగడని ఆయన వాదన, 1959లో ‘రియో బ్రావో’ తీసింది అందుకే. ఈ మాట చెబితే నాన్నగారు, ‘ఆయన ఒక్క పంచనామా అయినా రాశాడా?’ అని అడిగారు. ‘హై నూన్’ రచయిత కార్ల్ ఫోర్‌మన్‌ను 1951లో, సినిమా తయారవుతున్న రోజుల్లోనే, అమెరికా చట్టసభవారి కమ్యూనిస్టుల ఏరివేత కమిటీ పిలిపించింది. తోటివారి పేర్లు చెప్పకపోవడంతో హాలీవుడ్‌లో ఆయనకు పని లేకుండా పోయి ఇంగ్లండుకు వెళ్ళిపోయాడు. తలుపులు మూసుకోవడం గురించి ఆయన ఊహించి రాయవలసిన అవసరం లేకపోయింది.

నెమ్మదిగా ఉందనేవారికి ఒక మాట. ఎనభై అయిదు నిమిషాల ఈ సినిమాలో కథ దాదాపు గడియారంతో పాటే నడుస్తుంది, గోడ గడియారాలు మాటిమాటికీ కనిపిస్తాయి. దీన్ని ఒకటిన్నర రెట్ల వేగంతో చూసి ఉత్కంఠ లేదనేవారిని ఏమనాలో నాకు తెలియదు. ఛాయాగ్రాహకుడు ఫ్లాయిడ్ క్రాస్బీ ఆకాశాన్ని అందంగా చూపకుండా తెల్లగా వదిలేశాడు. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం ఖాళీ వీధి చూసినవారికి ఆ తెలుపు ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.

చివరలో కేన్ తన మార్షల్ బిళ్ళను దుమ్ములో పడేసి భార్యతో బండెక్కి వెళ్ళిపోతాడు. కౌబాయ్ సినిమాల నటుడు జాన్ వేన్ 1971 నాటి ఒక ఇంటర్వ్యూలో కేన్ దాన్ని కాలితో తొక్కాడని కూడా అన్నాడు, తొక్కడు, పడేస్తాడంతే. నాన్నగారి అభ్యంతరం వేరు. ‘అది సర్కారు సొమ్ము కదమ్మా. రిటైరయిన రోజు నేను టోపీ, బెల్టు, విజిలు లెక్కపెట్టి అప్పగించి రసీదు తీసుకున్నాను. ఈయన దానికి ఎవరికి లెక్క చెబుతాడు?’ అని అడిగి, మాత్ర వేసుకుని పడుకున్నారు.