లెడ్‌హిల్స్ ఖనిజాలకు అంత పేరెందుకు?

ప్రశ్న: స్కాట్లాండ్‌లోని లెడ్‌హిల్స్‌లో సీసం గనులు ఎప్పుడో మూతపడ్డాయి కదా, మరి ఖనిజాలు సేకరించేవాళ్లు ఇప్పటికీ ఆ ఊరిని ఎందుకు తలుచుకుంటారు? సీసం ఎక్కడైనా గెలీనా నుంచే కదా వచ్చేది?

జవాబు: తవ్వింది గెలీనా కోసమే. అది సీసం, గంధకం కలిసిన బరువైన, మెరిసే రాయి. కానీ ఆ ఊరికి పేరు తెచ్చింది మాత్రం గెలీనా రసాయనికంగా మారిపోయాక పుట్టిన ఖనిజాలు. నేలలోకి దిగిన నీరు తనతోపాటు గాలిలోని ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కూడా తీసుకెళ్తుంది కాబట్టి, రాతి చీలికల్లో పేరుకున్న గెలీనా మెల్లగా మారిపోతూ అందులోని సీసం సల్ఫేటుతో (గంధకం, ఆక్సిజన్ కలిసినది), కార్బొనేటుతో (కార్బన్, ఆక్సిజన్ కలిసినది), పక్కన రాగి ఉంటే దానితో కూడా కలిసి కొత్త స్ఫటికాలు కడుతుంది. ఇలా చాలా గనుల్లో జరుగుతుంది, ఇక్కడ వచ్చినన్ని అరుదైన రకాలు మాత్రం వేరేచోట దొరకడం కష్టం.

ముఖ్యంగా అక్కడి సుసాన్నా గని చూడండి. అందులో దొరికిన లెడ్‌హిల్లైట్, సుసన్నైట్, మ్యాక్‌ఫెర్సనైట్ మూడింటిలో ఉన్న పదార్థం ఒక్కటే, అణువులు పేర్చుకున్న తీరే వేరు, అందుకే మూడు వేర్వేరు ఖనిజాలయ్యాయి! నాకైతే ఇంతకన్నా బాగా స్ఫటిక నిర్మాణం అంటే ఏమిటో చెప్పే ఉదాహరణ కనబడలేదు. లానార్కైట్, నీలం ఆకుపచ్చ కలిసిన కాలెడొనైట్ కూడా ఇక్కడివే. 1984లో ప్రకటించిన స్కాట్లాండైట్ ఇంకా విశేషం, అది సీసం సల్ఫైట్, అంటే సల్ఫేటు కన్నా ఒక ఆక్సిజన్ తక్కువున్నది. సల్ఫేట్లు ప్రకృతిలో కావలసినన్ని ఉన్నాయి, సల్ఫైట్ ఖనిజంగా దొరకడం అదే మొదటిసారి. సల్ఫైట్ గాలి తగిలితే సల్ఫేటుగా మారిపోతుంది, అందుకే అది నిలిచి ఉండటం అరుదు.

గని చరిత్రలో నాకు బాగా నచ్చేది 1741లో పెట్టిన చందా గ్రంథాలయం, అంటే సభ్యులు చందా కట్టి పుస్తకాలు తీసుకునేది. పెట్టినవాళ్లు 23 మంది, ఊరి చర్చి పాస్టరు, బడి పంతులు, మిగతా 21 మందీ గని కార్మికులే. అప్పట్లో అక్కడి గనుల నిర్వహణ చూసింది జేమ్స్ స్టిర్లింగ్, గణితంలో స్టిర్లింగ్ సూత్రం ఆయనదే. గనులు 1920ల చివర్లో ఆగిపోయాయి, గ్రంథాలయం ఇంకా ఉంది. పక్కూరు వాన్‌లాక్‌హెడ్‌లో మ్యూజియం ఉంది, అక్కడ పాత గనిలోకి కూడా తీసుకెళ్తారు.

మీ దగ్గర సీసం ఖనిజాలుంటే ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి, దుమ్ము లేవనివ్వకండి, పిల్లలకు అందేచోట అసలు పెట్టకండి.