చెక్క పని: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అలమరలు, బల్లలు సొంతంగా చేసుకోవడం నేర్చుకుంటున్నాను. దుకాణంలో రంగుల పట్టీ చూసి ఎంచుకున్న పాలిష్, పని పూర్తయ్యాక చూస్తే వేరే రంగులా కనిపిస్తోంది. చెక్క నమూనాల కిట్ ఒకటి చేసి పెట్టుకుంటే ఈ ఇబ్బంది తప్పుతుందంటున్నారు. దానిని ఎలా తయారు చేసుకోవాలి? ఎన్ని రకాల చెక్కలు సేకరించాలి?

జవాబు: ఆ ముక్కలను మీరే, అసలు పనికి అనుసరించే పద్ధతిలోనే సిద్ధం చేసుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది. దుకాణంలోని పట్టీ మీద రంగును ఏ చెక్కపై, ఎంత నునుపు చేశాక, ఎన్ని పూతలుగా వేశారో మనకు తెలియదు. ఈ మూడింటిలో ఏది మారినా రంగు మారుతుంది. ఒకే పలకను సగం వరకు 120 నంబరు శాండ్‌పేపరుతో, మిగతా సగం 320 నంబరుతో రుద్ది, రెండింటికీ ఒకే స్టెయిన్ (చెక్కలోకి ఇంకి దాని రంగు మార్చే ద్రవం) పూసి చూడండి. గరుకుగా ఉన్న సగం రంగును ఎక్కువగా పట్టి ఉంచుకుని ముదురుగానూ, నున్నటి సగం లేతగానూ కనిపిస్తుంది.

కలప నమూనాలను సేకరించేవారిలో 6 అంగుళాల పొడవు, 3 అంగుళాల వెడల్పు, అర అంగుళం మందం అనే కొలత బాగా వాడుకలో ఉంది. మీకూ అదే సరిపోతుంది; మరీ చిన్న ముక్కలో చారల తీరు తెలియదు. ఇరవై రకాల చెక్కలను ఒక్కొక్క ముక్క చొప్పున పోగు చేయడం చూడటానికి బాగుంటుంది కానీ, పనికి వచ్చేది మాత్రం మీరు నిజంగా కొని వాడే నాలుగైదు రకాలను తీసుకుని, ఒక్కొక్క రకానికి ఐదారు ముక్కలు చేసుకోవడమే అని నా అభిప్రాయం. వాటిలో ఒక ముక్కను ఏ పూతా లేకుండా ఉంచండి. ఒకదానిలో ముదురు చేవతో పాటు దాని చుట్టూ ఉండే లేత రంగు భాగం కూడా కనిపించాలి, ఎందుకంటే ఆ రెండూ ఒకే పలకలో వచ్చినప్పుడు స్టెయిన్ వేశాక కూడా తేడా తెలిసిపోతుంది.

మిగిలిన ముక్కల మీద మాస్కింగ్ టేపు అంటించి మూడు పట్టీలుగా విడదీసి, మొదటి పట్టీని ఖాళీగా వదిలి, రెండోదానికి ఒక పూత, మూడోదానికి పూర్తి పూతలు వేయండి. ముక్క చివర అడ్డంగా కోసిన ముఖానికి కూడా పూయడం మరవకండి. అక్కడ చెక్క నాళాలు తెరుచుకుని ఉండటం వల్ల రంగు బాగా ముదురుతుంది, బల్ల అంచు ఎలా కనిపించబోతుందో అక్కడే తెలుస్తుంది. పైన్ వంటి మెత్తటి చెక్క స్టెయిన్‌ను మచ్చలు మచ్చలుగా పీల్చుకుంటుంది కాబట్టి, ముందుగా పలచటి షెల్లాక్ (లక్కతో చేసే వార్నిష్) పూత వేసిన ముక్కను, వేయని ముక్కను పక్కపక్కన ఉంచుకోవడం మంచిది.

చెక్క పేరు, శాండ్‌పేపరు నంబరు, స్టెయిన్, పాలిష్, పూతల సంఖ్య, తేదీ వెనుక వైపు పెన్సిల్‌తో రాయండి. ఇవి లేని ముక్క ఎంత అందంగా ఉన్నా, దానిని చూసి అదే రంగును మళ్లీ తెప్పించలేరు.

ముక్కను తూచి ఆ బరువు కూడా రాసుకోండి. పైన చెప్పిన కొలత గల ముక్క ఘనపరిమాణం సుమారు 147 ఘన సెంటీమీటర్లు. అది 96 గ్రాములు తూగితే ఘన సెంటీమీటరుకు దాదాపు 0.65 గ్రాములన్న మాట. టేకు సాధారణంగా ఈ దరిదాపుల్లోనే ఉంటుంది. ఆ లెక్కన 90 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 2 సెంటీమీటర్ల మందం గల అలమర అర (షెల్ఫ్) సుమారు మూడున్నర కిలోలు ఉంటుందని, పలక కొనకముందే తెలుసుకోవచ్చు.

ప్రశ్న: నా దగ్గర ఉన్న నమూనా ముక్కల రంగు కొన్నాళ్లకే మారిపోయింది. వాటిని పారేయాలా?

జవాబు: పారేయకండి, పాత ముక్క చెప్పే విషయం కొత్త ముక్క చెప్పలేదు. వెలుతురు తగిలితే చెర్రీ చెక్క ముదురుతుంది, వాల్‌నట్ క్రమంగా లేతబడుతుంది, నారింజ ఎరుపులో మెరిసే పడాక్ గోధుమ రంగుకు తిరుగుతుంది. ఒక ముక్కలో సగాన్ని నల్ల కాగితంతో గట్టిగా కప్పి, ఎండ పడే కిటికీ దగ్గర కొన్ని వారాలు ఉంచితే మార్పు ఎటువైపు సాగుతుందో స్పష్టంగా కనిపిస్తుంది. మిగిలిన ముక్కలను మూత ఉన్న పెట్టెలో, వెలుతురు సోకకుండా దాచండి.

ప్రశ్న: కిట్ ఉంటే ఇక ప్రతి పనికీ విడిగా పరీక్ష అవసరం లేదా?

జవాబు: అవసరమే. ఏ చెక్క, ఏ పాలిష్ అన్నది తేల్చుకోవడానికి కిట్ చాలు. కానీ ఒకే జాతి చెట్లలోనూ రంగు తేడా ఉంటుంది కనుక, చివరి పరీక్షను ఆ పనికి తెచ్చిన పలక నుంచి కోసిన తునక మీదే చేయాలి. పైగా వెడల్పాటి పలక తేమకు ఎంత ఉబ్బి, ఎంత వంగుతుందో మూడంగుళాల ముక్క చూపించలేదు. ఈ పరీక్షల్లో అవిసె నూనె వాడితే, తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి మూలన పడేయవద్దు. అవి వాటంతట అవే వేడెక్కి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. విడివిడిగా పరిచి, ఆరుబయట పూర్తిగా ఆరనివ్వండి.