వైజాగ్ నుంచి చెన్నై డ్రిఫ్ట్ పోటీకి కారును నడుపుకుంటూ వెళ్ళవచ్చా?

పాత బీఎండబ్ల్యూని స్నేహితులంతా కలిసి డ్రిఫ్టింగ్‌కి, అంటే మలుపుల్లో వెనక చక్రాలు జారేలా కారును పక్కవాటుగా నడిపే పోటీకి, తయారు చేసుకున్నామని, చెన్నై దగ్గర పోటీకి దాన్నే నడుపుకుంటూ వెళ్ళవచ్చా అని అడిగారు. వద్దండి. గాజువాక ఆటోనగర్‌లో ఉన్న మా టీమ్‌తో నేనూ ఇదే దారిలో వెళ్ళొచ్చాను. డ్రైవర్‌ని కాదు, టైర్లు మార్చడం, డబ్బు లెక్కలు చూడడం నా పని. అందుకని స్టీరింగ్ ఎలా తిప్పాలో మాత్రం నన్ను అడగకండి.

ముందు చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. లోపల రోల్ కేజ్ (కారు పల్టీ కొడితే కాపాడే ఇనుప గొట్టాల చట్రం) బిగించి, వెనక సీట్లు పీకేసిన కారును చూసి హైవే మీద ఎవరూ నవ్వి వదిలేయరు. చట్టాన్ని పక్కన పెట్టినా, వెనక చక్రాలు రెండూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్‌ని వెల్డింగ్ చేసి ఉంటారు కదా? మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, కానీ వెల్డింగ్ వల్ల రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. డ్రిఫ్ట్‌కి కావాల్సింది అదే. మామూలు రోడ్డు మీద మాత్రం ప్రతి మలుపులోనూ టైరు ఈడ్చుకుపోతుంది, యాక్సిల్ మీద భారం పడుతుంది. దాదాపు 800 కిలోమీటర్లు అలా వెళితే పోటీకి చేరేసరికి కారు సగం అరిగిపోతుంది.

కాబట్టి ఫ్లాట్‌బెడ్, అంటే కారును పైకెక్కించుకుని మోసుకెళ్ళే చదును ట్రక్కు, మాట్లాడుకోండి. ఇక్కడే నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది: ఆ ట్రక్కును తిరుగు ప్రయాణాన్ని బట్టి ఎంచుకోండి. వెళ్ళేటప్పుడు కారు తనంతట తానే ఎక్కుతుంది. వచ్చేటప్పుడు ఎక్కుతుందన్న నమ్మకం లేదు. మా కారు క్వాలిఫైయింగ్ బాగానే దాటింది. అందులో లైన్, యాంగిల్, స్టయిల్ చూసి మార్కులు వేస్తారు. తర్వాత టాండెమ్, అంటే రెండు కార్లు జంటగా జారడం. ముందు కారు దారి చూపిస్తుంది, వెనక కారు దాన్ని అంటిపెట్టుకుని అదే యాంగిల్‌లో జారాలి. మావాడు వెంటాడుతూ వెంటాడుతూ ముందు చక్రాన్ని కెర్బ్‌కి కొట్టాడు. స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ వంగిపోయింది. ఒక చక్రం తూర్పు చూస్తుంటే ఇంకోటి ఉత్తరం చూస్తోంది. దాంతో మా పోటీ అయిపోయింది.

పైనున్న బల్ల మొత్తం వెనక్కి జరిగి నేల దాకా వాలే ఫ్లాట్‌బెడ్, పైన వించ్ (తాడుతో లాగే యంత్రం) ఉన్నది మాట్లాడుకున్నాం కాబట్టి ఆ కారును లాక్కుని ఎక్కించగలిగాం. "చెన్నై నుంచి వైజాగ్ పోర్టుకి ఖాళీగా వచ్చే లారీలు బోలెడు, రిటర్న్ లోడ్‌లో సగం ధరకి తెచ్చుకోవచ్చు గురూ" అని చాలామంది సలహా ఇస్తారు. లారీ బాడీ ఛాతీ ఎత్తున ఉంటుంది. స్టీరింగ్ తిరగని కారును దాని మీదికి ఎక్కించాలంటే క్రేన్ కావాలి, దాని కిరాయితో మిగిలిందంతా పోతుంది. అదే ఫ్లాట్‌బెడ్‌ని హాల్టింగ్ చార్జీ కట్టి అక్కడే ఆపుకోవడం నయం.

కట్టడం గురించి కొంచెం. బెల్టులు చక్రాల మీదుగా వెయ్యండి. ఛాసిస్‌కి కడితే గతుకుల్లో స్ప్రింగులు ఆడినప్పుడల్లా వదులవుతాయి. ఎలా కట్టినా అనకాపల్లి దాటాక ఆపి ఒకసారి బిగించాల్సిందే. హైడ్రాలిక్ హ్యాండ్‌బ్రేక్‌ని నమ్మకండి. అది ట్రాక్ మీద వెనక చక్రాల్ని ఒక్క క్షణం పట్టేయడానికి పెట్టింది, పార్కింగ్‌కి పనికిరాదు. గేర్‌లో ఉంచి, చక్రాలకి చెక్క దిమ్మలు పెట్టండి. ముందు బంపర్ ఊడదీసి విడిగా పెట్టుకుంటే ఎక్కించేటప్పుడు పగలదు.

వెనక టైర్లు సెకండ్‌హ్యాండ్‌వి ఇక్కడే ఏరుకుని, స్పేర్ రిమ్ములకి ఎక్కించి తీసుకెళ్ళండి. అక్కడ టైరు షాపు కోసం పరిగెత్తే టెన్షన్ ఉండదు. ముందు టైర్ల దగ్గర మాత్రం కక్కుర్తి పడకండి. ఆర్సీ, ఇన్సూరెన్స్, పోటీ ఎంట్రీ రసీదు కాపీలు ఒక సెట్టు ఫ్లాట్‌బెడ్ డ్రైవర్ దగ్గర ఉండాలి. తడ దగ్గర రాష్ట్రం దాటేటప్పుడు మీ టీమ్ ఎక్కిన ఇన్నోవా వెనకెక్కడో టీ దగ్గర ఆగి ఉండవచ్చు. మామూలు మోటారు పాలసీ రేసింగ్‌కి వర్తించదు. రవాణాలో జరిగే డ్యామేజీకి విడిగా కవర్ ఉందేమో ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళని అడగండి.

దారి మీకు తెలిసిందే. రాజమండ్రి దగ్గర దివాన్‌చెరువు నుంచి గామన్ బ్రిడ్జి ఎక్కి, కొవ్వూరు, దేవరపల్లి మీదుగా గుండుగొలను చేరితే దూరం తగ్గుతుంది.

అసలు ప్రమాదం ఆదివారం రాత్రి. మీరు పోటీలో ఉన్నంతసేపూ ఫ్లాట్‌బెడ్ డ్రైవర్ హాయిగా నిద్రపోయి ఉంటాడు, చీకటి పడగానే బయల్దేరదాం అంటాడు. అతనికి తగ్గట్టు మీరూ ఇన్నోవా తీయకండి. పొద్దుటి నుంచి ఎండలో టైర్లు మార్చినవాళ్ళకి నెల్లూరు వచ్చేసరికి కళ్ళు మూతలు పడతాయి. టీమ్‌లో కాస్త నిద్రపోయినవాడిని అతని పక్కన క్యాబిన్‌లో కూర్చోబెట్టి పంపేయండి, మిగతావాళ్ళు పడుకుని తెల్లవారుజామున బయల్దేరండి. సోమవారం సెలవు ముందే పెట్టుకుని ఉండాలి మరి.

కిరాయి మాట్లాడేటప్పుడు టోల్ ఎవరు కట్టాలో, కారు ఎక్కడ దించుతారో రాయించుకోండి. మా షెడ్డు సందులో ఫ్లాట్‌బెడ్ తిరగదు, మెయిన్ రోడ్డు మీదే దించేశారు. వంగిన టై రాడ్‌తో అక్కడి నుంచి నెట్టుకుంటూ తేవడానికి ముందు చక్రాల కింద ట్రాలీలు పెట్టాల్సి వచ్చింది. మీ షెడ్డు కూడా సందులోనే ఉంటే అవి ముందే అడిగి తెచ్చి ఉంచుకోండి.