ఆయన బాగున్న రోజునే మాట్లాడుకోండి

ప్రశ్న: మా పెళ్లై తొమ్మిదేళ్లు. మావారికి బైపోలార్, అంటే ఉద్రేకం, దిగులు మారిమారి వచ్చే మానసిక జబ్బు. ముగ్గురు డాక్టర్లను మార్చాం, లిథియం సహా ఎన్నో మందులు వాడాం. పోయిన ఏడాది నాలుగుసార్లు తిరగబెట్టింది. ఒకసారి రాత్రికి రాత్రి ప్లాటుకు రెండు లక్షలు అడ్వాన్సు ఇచ్చేసి, ఆ తర్వాత నెలన్నర మంచం దిగలేదు. అత్తగారేమో దిష్టి అంటారు. నాకు ఆయన మీద కోపం వస్తోంది, వచ్చినందుకు సిగ్గేస్తోంది.

జవాబు: ఇంత మోశాక కోపం రాకపోతేనే ఆశ్చర్యపోవాలమ్మా. సిగ్గుపడకండి.

మందులకు లొంగట్లేదని తేల్చే ముందు డాక్టరుగారిని కొన్ని అడగండి. ఏడాదిలో నాలుగుసార్లు, అంతకుమించి తిరగబెడితే 'ర్యాపిడ్ సైక్లింగ్' అంటారు. అలాంటప్పుడు థైరాయిడ్ తగ్గిందేమో తప్పక చూడాలి. దిగులుకు ఇచ్చిన మాత్ర కూడా కొందరిని ఒక్కసారిగా ఉద్రేకంలోకి నెట్టేస్తుంది. లిథియం ఇంకా నడుస్తుంటే, రక్తంలో దాని లెవెల్ ఈమధ్య ఎప్పుడు చూశారు? మన ఎండల్లో చెమటలు పోసి ఒంట్లో నీరు తగ్గితే ఆ లెవెల్ పెరిగిపోతుంది. మోకాళ్ల నొప్పికని మెడికల్ షాపులో కొనుక్కునే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కూడా పెంచుతాయి. చేతులు బాగా వణికినా, వాంతులైనా, తూలుతున్నా ఆ లెవెల్ ప్రమాదకరంగా పెరిగిందేమో, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈసీటీ, అంటే మెదడుకు కొద్దిగా కరెంటు ఇచ్చి చేసే చికిత్స గురించీ అడగండి. సినిమాల్లో చూపించేలా ఉండదు అది, మత్తిచ్చి చేస్తారు.

ఉద్రేకం తలకెక్కాక ఆయనతో వాదించి లాభం లేదు. మాట్లాడాల్సింది ఇప్పుడే, నిలకడగా ఉన్నప్పుడు. మొదట ఏం మారుతుందో ఆయన్నే చెప్పమనండి. చాలామందికి నిద్ర తగ్గుతుంది, అయినా అలసట ఉండదు. వరసగా రెండు రాత్రులు అలా గడిస్తే డాక్టరుకు ఫోన్ చేస్తానని, ఏటీఎం కార్డు, ఫోన్‌లో యూపీఐ మీ చేతికివ్వాలని ఇద్దరూ రాసుకోండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, తనకు ఎలాంటి చికిత్స కావాలో, తన తరఫున ఎవరు మాట్లాడాలో ఆయన ముందే రాసిపెట్టుకోవచ్చు. పెద్దగా ఎవరికీ తెలియని హక్కు ఇది.

దిగులు రోజుల్లో చావు మాట వస్తే తేలిగ్గా తీసుకోకండి. 'చచ్చిపోవాలనిపిస్తోందా' అని నేరుగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, మాత్రలు దాచేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. టెలీ మానస్ 14416 రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులోనే. మీ టెన్షన్ చెప్పుకోవడానికీ అదే నంబరు.

అత్తగారిని దిష్టి తీయనివ్వండి. గుప్పెడు ఉప్పు, నాలుగు మిరపకాయలు, అంతేగా. బదులుగా ఈసారి డాక్టరు దగ్గరికి ఆవిడను కూడా వెంటబెట్టుకెళ్లండి.