టెక్ సందేహాలు: యూరప్ వెళ్లేముందు సూట్‌కేసుతో పాటు ఫోన్ కూడా సర్దుకోండి

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా యూరప్ ప్రయాణాల గురించే. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు.

ఇంజినీరింగ్‌లో కలిసి చదువుకున్న ఆరుగురం జూన్‌లో పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, స్విట్జర్లాండ్ తిరగబోతున్నాం. యూరోపియన్ యూనియన్ అంతటా పనిచేసే ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోకే దించుకునే సిమ్) ఒక్కటి కొని, ఆ ఫోన్ హాట్‌స్పాట్ మీదే అందరం నెట్ వాడుకుందామని అనుకుంటున్నాం. సరిపోతుందా? – విజయవాడ పాఠకుడు

సరిపోదు. ముందు స్విట్జర్లాండ్ సంగతి చూడండి. యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య రోమింగ్ అదనపు చార్జీలు 2017 జూన్ 15న పోయాయి. ఆ 27 దేశాలతో పాటు నార్వే, ఐస్‌లాండ్, లీచ్‌టెన్‌స్టైన్‌లకూ ఆ నియమం వర్తిస్తుంది. స్విట్జర్లాండ్ అందులో లేదు, బ్రిటన్ కూడా లేదు. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా స్విట్జర్లాండ్‌లో చెల్లుతుంది కదా, సిమ్ కూడా చెల్లుతుందిలే అని చాలామంది అనుకుంటారు. వీసా జాబితా వేరు, సిమ్ జాబితా వేరు. కొనేముందు ప్లాన్ వివరాల్లో దేశాల పేర్లు తెరిచి, స్విట్జర్లాండ్ అని స్పష్టంగా రాసి ఉంటేనే డబ్బు కట్టండి.

ఇక హాట్‌స్పాట్. ఆరుగురూ పది రోజులూ చేయి చేయి పట్టుకుని తిరగరు. ఇద్దరు మ్యూజియంలో ఉంటే ఇద్దరు కాఫీ దగ్గర ఉంటారు. నెట్ ఉన్న మనిషి పక్కకు వెళ్లగానే మిగతా ఐదుగురూ దారి తెలియని మనుషులైపోతారు. పైగా ఆ ఒక్క ఫోన్ బ్యాటరీ మధ్యాహ్నానికే ఖాళీ అవుతుంది. తలా ఒక చిన్న ప్లాన్ తీసుకోవడమే మేలు. ఫొటోల బ్యాకప్ వైఫైలో మాత్రమే జరిగేలా పెట్టుకుంటే మ్యాప్‌కీ, వాట్సాప్‌కీ పెద్దగా డేటా ఖర్చు కాదు.

మీ ఫోన్లు ఈ-సిమ్‌ను తీసుకుంటాయో లేదో తెలియాలంటే *#06# డయల్ చేయండి. ఫోన్ గుర్తింపు నంబర్ ఐఎంఈఐతో పాటు ఈఐడీ అనే నంబర్ కనిపిస్తే తీసుకుంటుందన్నమాట. ఇంట్లో వైఫై ఉన్నప్పుడే ఈ-సిమ్ ఇన్‌స్టాల్ చేసుకోండి. తర్వాత పొరపాటున డిలీట్ చేయకండి, ఇన్‌స్టాల్ కోసం కంపెనీ పంపే క్యూఆర్ కోడ్ చాలావరకు ఒక్కసారే పనిచేస్తుంది. మన సిమ్‌లో డేటా రోమింగ్ ఆపేయండి కానీ సిమ్‌ను ఆపకండి. బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. అవి రావాలంటే బయల్దేరేముందే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకోవాలి.

ఆమ్‌స్టర్‌డామ్ అన్నారు కాబట్టి ఇంకో మాట. నాజీల కాలంలో దాక్కుని డైరీ రాసిన యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ ఉన్న ఇల్లు, ఆన్ ఫ్రాంక్ హౌస్ టికెట్లు ఆన్‌లైన్‌లో మాత్రమే దొరుకుతాయి. ప్రతి మంగళవారం ఉదయం 10 గంటలకు, ఆరు వారాల తర్వాతి తేదీలకు టికెట్లు వదులుతారు. అక్కడ ఉదయం 10 గంటలంటే వేసవిలో మనకు మధ్యాహ్నం 1:30. ఆరుగురికీ ఒకే సమయానికి కావాలంటే ఆ రోజు ఒకరు ఆ పనిమీదే కూర్చోవాలి. ఆ చిన్న ఇంటిని చూడకుండా ఆ ఊరి నుంచి తిరిగి రావద్దని నా కోరిక.

మా బ్యాచ్‌లో పోయిన ట్రిప్ లెక్కలు ఇంకా తేలలేదు. ఈసారి ఏ యాప్ వాడాలి? – హైదరాబాద్

స్ప్లిట్‌వైజ్ బాగుంటుంది. కానీ ఉచిత వెర్షన్‌లో రోజుకు కొన్ని ఖర్చులే రాయనిస్తుంది, కరెన్సీ మార్పిడికి డబ్బు కట్టాలి. ట్రిప్‌లో రోజుకు పది ఖర్చులు మామూలే కాబట్టి గూగుల్ షీట్ ఒకటి చేసుకుని అందరికీ ఎడిట్ అనుమతి ఇవ్వండి. తేదీ, ఎవరిచ్చారు, ఎంత, ఎవరెవరి కోసం అనే నాలుగు గడులు చాలు. అన్నీ యూరోల్లోనే రాసి, ఇంటికొచ్చాక ఒకే రేటు మీద రూపాయల్లో తేల్చుకోండి. రోజుకో రేటు పెట్టుకున్నప్పుడే స్నేహాల్లో పేచీలు వస్తాయి. మాంసం తినేవాళ్ల బిల్లు తిననివాళ్ల మీద, మందు బిల్లు తాగనివాళ్ల మీద పడకుండా నాలుగో గడి నిజాయతీగా నింపండి.

యూరప్‌కు ఇప్పుడు 'ఎటియాస్' తప్పనిసరి అంటూ ఒక వెబ్‌సైట్ డబ్బు అడుగుతోంది. కట్టాలా? – కరీంనగర్

కట్టకండి. వీసా అక్కర్లేని దేశాలవారి కోసం తెస్తున్న అనుమతి అది. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు షెంగెన్ వీసా కావాలి, ఎటియాస్ అవసరం లేదు. కొత్తగా వచ్చిన ఎంట్రీ–ఎగ్జిట్ విధానంలో సరిహద్దు దగ్గర వేలిముద్రలు, ముఖం ఫొటో తీసుకుంటారు. దానికి ముందుగా ఎవరికీ రూపాయి కట్టక్కర్లేదు.

టీచర్‌ని, వయసు 46. మేలో వియన్నా, ప్రాగ్, బుడాపెస్ట్ ఒంటరిగా వెళ్తున్నాను. ఊళ్ల గురించి భయం లేదు. ఫోన్ పోతే ఏం చేయాలన్నదే టెన్షన్. – రాజమహేంద్రవరం పాఠకురాలు

మేడమ్, మీరు అడగాల్సిన ప్రశ్నే అడిగారు. కొన్నేళ్ల కిందట బుడాపెస్ట్‌లో, డాన్యూబ్ ఒడ్డున వెళ్లే 2వ నంబర్ ట్రామ్‌లో నా ఫోన్ పోయింది. ఫోన్ ఖరీదు గురించిన బాధ తర్వాత వచ్చింది. ముందు బస చేసిన చోటు అడ్రసు గుర్తుకు రాలేదు. అది మెయిల్‌లో ఉంది. ఒక కేఫ్‌లో వాళ్ల కంప్యూటర్ అడిగి మెయిల్ తెరవబోతే, 'మీ ఫోన్‌లో వచ్చిన ప్రశ్నకు అవును అని నొక్కండి' అంది గూగుల్. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టయింది. అప్పటి నుంచి ప్రతి ప్రయాణానికీ ముందు ఒక సాయంత్రం కూర్చుని కింద చెప్పిన పనులన్నీ చేస్తాను.

ముందుగా గూగుల్ ఖాతా సెక్యూరిటీ పేజీలో టూ-స్టెప్ వెరిఫికేషన్ కింద బ్యాకప్ కోడ్‌లు తీసుకోండి. 8 అంకెల కోడ్‌లు 10 ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారి పనిచేస్తుంది. కాగితం మీద ప్రింట్ తీసి సూట్‌కేసులో పెట్టండి. ఫోన్ లేకపోయినా వేరే కంప్యూటర్ నుంచి మీ మెయిల్‌లోకి వెళ్లే దారి అది. నాకు ఆ రోజు లేనిదీ అదే.

ఇంట్లో మూలన పడి ఉన్న పాత ఫోన్‌ను వెంట తీసుకెళ్లి గదిలోనే ఉంచండి. అందులో అదే గూగుల్ ఖాతా తెరిచి, వాట్సాప్‌ను 'లింక్డ్ డివైస్'గా కలపండి. అసలు ఫోన్ పోయినా 14 రోజుల వరకు ఆ పాత ఫోన్‌లో వాట్సాప్ నడుస్తుంది. ఇంట్లోవాళ్లతో మాట తెగిపోదు. పోయిన ఫోన్‌ను దూరం నుంచి లాక్ చేయడానికీ అదే పనికొస్తుంది.

అన్నిటికంటే కష్టం ఓటీపీతో. సిమ్ పోతే డూప్లికేట్ సిమ్ కోసం మామూలుగా ఇక్కడికే రావాలి, అంతవరకు ఓటీపీ రాదు. అందుకని రైలు టికెట్లు, హోటళ్లు, మ్యూజియం టికెట్ల చెల్లింపులు ఇంటి దగ్గరే పూర్తిచేసుకోండి. దుకాణంలో కార్డు పెట్టి పిన్ నొక్కితే ఓటీపీ అడగదు. రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు తీసుకుని ఒకటి సూట్‌కేసులో ఉంచండి. 2020 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో విదేశీ లావాదేవీలు ఆగి ఉంటాయి. బ్యాంకు యాప్‌లో మీరే ఆన్ చేసుకుని పరిమితి పెట్టుకోవాలి. ప్రాగ్‌లో కొరునా, బుడాపెస్ట్‌లో ఫోరింట్ నడుస్తాయి, యూరో కాదు. కార్డు మెషిన్ రూపాయల్లో కట్టమంటారా అని అడిగితే వద్దని, అక్కడి కరెన్సీనే ఎంచుకోండి. రూపాయలు ఎంచుకుంటే మార్పిడి రేటు వాళ్లిష్టం.

మీ సిమ్‌కు పిన్ పెట్టండి. చాలామంది మర్చిపోయేది ఇదే. పిన్ లేకపోతే దొంగ మీ సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేసుకుంటే మీ ఓటీపీలన్నీ అతనికే వస్తాయి. సిమ్‌తో వచ్చిన పిన్ ఎంతో మీ ఆపరేటర్‌ను అడిగాకే మార్చండి. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ లాక్ అవుతుంది. ఐఫోన్‌లో 'స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్', ఆండ్రాయిడ్‌లో 'థెఫ్ట్ డిటెక్షన్ లాక్' అనే దొంగల నుంచి కాపాడే ఏర్పాట్లు ఉంటాయి, అవి ఆన్ చేసి బయల్దేరండి.

పాస్‌పోర్టు, వీసా జిరాక్సులు, బస అడ్రసులు, రైలు టికెట్లు, ఇన్సూరెన్స్ పాలసీ, ఇంట్లో ఇద్దరి ఫోన్ నంబర్లు కాగితం మీద ఉండాలి. మూడు ఊళ్లలోనూ మన రాయబార కార్యాలయాలున్నాయి. వాటి చిరునామాలు కూడా అదే కాగితం మీద రాసుకోండి.

మ్యాప్ గురించి ఒక జాగ్రత్త. గూగుల్ మ్యాప్స్‌లో ఊరిని డౌన్‌లోడ్ చేసుకున్నా, నెట్ లేనప్పుడు కారు దారే చూపిస్తుంది, నడక దారి చూపదు. ప్రాగ్ పాత ఊరి సందుల్లో మీకు కావాల్సింది నడక దారే. ఆర్గానిక్ మ్యాప్స్ అనే ఉచిత యాప్ నెట్ లేకుండానే నడక దారి చెబుతుంది. మూడు ఊళ్లనూ ఇంటి దగ్గరే దించుకోండి.

ఇదంతా చదివి కంగారు పడకండి. ఒక్క సాయంత్రం పని. ఆ తర్వాత ఫోన్‌ను బ్యాగులో పెట్టేసి ప్రాగ్‌లోని చార్లెస్ వంతెన మీద ఎంతసేపైనా నిలబడండి.

పవర్ బ్యాంక్ విమానంలో తీసుకెళ్లొచ్చా? ప్లగ్‌లు సరిపోతాయా? – తిరుపతి

చేతి బ్యాగులోనే పెట్టుకోవాలి, లగేజీలో వేయకూడదు. సాధారణ పరిమితి 100 వాట్-అవర్లు. పవర్ బ్యాంక్ మీద రాసే 20,000 ఎంఏహెచ్ అంటే సుమారు 74 వాట్-అవర్లు కాబట్టి ఇబ్బంది లేదు. అంకెలు చెరిగిపోయిన పాతది మాత్రం తీసుకెళ్లకండి, తనిఖీలో ఆపేయొచ్చు. అక్కడా మన లాగే 230 వోల్టులే. సన్నటి రెండు గుండ్రటి పిన్నుల ఫోన్ చార్జర్లు చాలావరకు అక్కడి సాకెట్లలో దూరతాయి. మూడు పిన్నుల ల్యాప్‌టాప్ చార్జర్‌కు అడాప్టర్ కావాలి. లండన్ కూడా వెళ్తుంటే దానికి వేరే అడాప్టర్.

మా అమ్మాయి ఉద్యోగంలో సెలవు పెట్టి యూరప్‌కు ఒక్కతే వెళ్తోంది. ఎక్కడుందో మాకు తెలిసే మార్గం ఉందా? – గుంటూరు నుంచి ఒక తల్లి

ఉందమ్మా. వాట్సాప్ లైవ్ లొకేషన్ గరిష్ఠంగా 8 గంటలే ఉంటుంది, రోజూ మళ్లీ పంపాలి. గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్‌ను తను ఆపేదాకా కొనసాగేలా పెట్టొచ్చు. అయితే తనకు చెప్పి, తన చేతే పెట్టించండి. తెలియకుండా పెడితే తెలిసిన రోజే ఆపేస్తుంది. మ్యాప్‌లో తనను చూపే చుక్క కదలకపోతే హడలిపోకండి. సొరంగ రైలులో సిగ్నల్ పోతుంది, ఆల్ప్స్ కొండల్లో కూడా పోతుంది, సాయంత్రానికి బ్యాటరీ అయిపోతుంది. యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటిలో అత్యవసర నంబర్ 112, స్విట్జర్లాండ్‌లో కూడా పనిచేస్తుంది. అది తన ఫోన్‌లో సేవ్ చేయించండి.

రాత్రి ఫోన్ చేయమని మాత్రం అడగకండి. అక్కడ పది గంటలకు తను గదికి చేరేసరికి మీకు ఒంటిగంటన్నర అవుతుంది, అప్పటిదాకా మీకు నిద్ర ఉండదు. ఉదయం టిఫిన్ తినేటప్పుడు ఒక ఫొటో పంపమనండి. అక్కడ ఎనిమిదైతే మీకు పదకొండున్నర. మీరు వంట ముగించుకుని కూర్చునే వేళకు ఆ రోజు ఎక్కడికి వెళ్తోందో కూడా తనే చెబుతుంది.