కృతజ్ఞత రాసుకుంటే చెడు తలపులు తగ్గుతాయా?

ప్రశ్న: పగలు పది పనులు సవ్యంగా జరిగినా, ఎవరో అన్న ఒక్క పుల్లవిరుపు మాటే రాత్రంతా నా మనసులో తిరుగుతోంది. కృతజ్ఞతలు రాసుకోమంటే మొదలుపెట్టాను కానీ, రోజూ అవే మాటలు రాస్తూ నన్ను నేనే మభ్యపెట్టుకుంటున్నట్టు ఉంది. మానేయమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: మానవద్దు, పద్ధతి మార్చండి. మంచికంటే చెడును గట్టిగా పట్టుకోవడం మీ ఒక్కరి లోపం కాదు, మనసుకు సహజంగా ఉన్న ధోరణే అది. మనస్తత్వ శాస్త్రవేత్తలు రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెక్‌కల్లో 2003లో ప్రచురించిన ఒక పరిశోధనలో, 10 వారాలపాటు వారానికొకసారి తమకు జరిగిన మేళ్లను రాసినవారు, చికాకులను రాసినవారికంటే జీవితం పట్ల ఎక్కువ తృప్తిని, రాబోయే వారం పట్ల ఎక్కువ ఆశను కనబరిచారు. వారానికొకసారి అన్నది గమనించండి. రోజూ రాసి తీరాలన్న పట్టుదలే మీ రాతను మొక్కుబడిగా మార్చి ఉంటుందని నా అనుమానం.

ఆరోగ్యం, కుటుంబం అంటూ జాబితా వేయకుండా ఒక్క సంఘటనను తీసుకుని, ఎవరు ఏం చేశారో, ఎందుకు చేసి ఉంటారో, వారు ఆ పని చేయకపోతే మీకు ఏమయ్యేదో నాలుగైదు వాక్యాల్లో వివరంగా రాయండి. వీలైతే ఆ మాట వారికే చెప్పండి.

మిమ్మల్ని నొప్పించిన మాటను మాత్రం దీనితో కప్పిపుచ్చకండి. అందులో నిజముంటే దిద్దుకోవాలి, అన్యాయముంటే నిలదీయాలి. ఈ దిగులు, నిద్రలేమి వారాల తరబడి వదలకపోతే మానసిక వైద్యులను తప్పక సంప్రదించండి.